ఆదోని సీమయు బళ్లారి ఎల్లయు

2024వ సంవత్సరము ఆగష్టు 10వ తేదీ రాత్రి తుంగభద్రా ఆనకట్ట 19వ తలుపు తెగి నీటిలో కొట్టుకొని పోయెనను వార్త వినినపుడు హొసపేట మొదలు కర్నూలు వరకు కాలువల క్రింద సేద్యము చేయు రైతులందరి గుండెలును జల్లుమన్నవి. నిండు జలాశయము కన్నుల యెదుటనే ఖాళీ యగుచుండెను. ఇంజనీర్లును కార్మికులును ఆ ప్రవాహములోనే పని చేసి, వారము దినములలో తాత్కాలికపు తలుపును దింపి, మిగిలిన నీటిని నిలిపిరి. వారికి ఉభయ రాష్ట్రముల కర్షకులును ఋణపడి యున్నారు. అయినను ఆ వారము దినములలో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతునకు తన స్థితి యెట్టిదో మరల జ్ఞప్తికి వచ్చినది. అతని పంట ప్రాణము ఏ తలుపుపై ఆధారపడి యున్నదో ఆ తలుపు అతని రాష్ట్రములో లేదు. ఒకప్పుడు అది అతని జిల్లాలోనే యుండెను. అతడు కదలలేదు, ఆనకట్ట కదలలేదు, నడుమ గీత మాత్రము వచ్చినది.

ఆ గీత యెట్లు వచ్చినదో, దానివలన ఎవరికి ఏ బాధ్యతలు సంక్రమించినవో, ఆ బాధ్యతలు ఎంతవరకు నెరవేరినవో విచారించుట అవసరమని మేము తలంచుచున్నాము. ఎల్లలను గూర్చి పోరాడునపుడు మనకుండు ఉత్సాహము, ఎల్ల యేర్పడిన పిదప దాని యంచున నిలిచిన వారిని గూర్చి యుండుట లేదు. ఈ లోపమునకు ఆదోని సీమకంటె స్పష్టమైన దృష్టాంతము మాకు కనబడదు.

ఎల్లలు మారుట ఆదోనికి క్రొత్త గాదు. విజయనగర సామ్రాజ్యమునకు ఆదోని కొండకోట యొక కంచుకోటగా నుండెను. 1565లో తళ్లికోట యుద్ధానంతరము అది బిజాపురము వారి వశమైనది. పిదప మొగలాయీల చేతికిని, వారినుండి నిజాము వంశమునకును పోయినది. నిజాము సోదరుడగు బసాలతుజంగు దీనిని జాగీరుగా పొంది, ఇచ్చటనే కాపురముండి, 1782లో మరణించెను. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి కోటను పట్టుకొని బురుజులను పడగొట్టించెను. టిప్పు 1799లో శ్రీరంగపట్టణమున కూలిన మరుసటి సంవత్సరము, నిజాము తన రక్షణకై యుంచుకొన్న ఇంగ్లీషు సైన్యపు వ్యయమునకు బదులుగా ఈ సీమనంతను కుంపిణీకి దత్తము చేసెను. అదియే దత్తమండలము. ఆ పేరులోని పరాధీనతను సహింపలేక 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగిన సందర్భమున చిలుకూరి నారాయణరావుగారు సూచించిన రాయలసీమ యను నామమును మనవారు స్వీకరించిరి. ఇన్ని మారులు ఏలికలు మారినను ఒక్కమారైనను ఇచ్చటి రైతును అడిగినవారు లేరు. ప్రతి మార్పును ఏదో యొక యుద్ధమునకు ఫలముగనే వచ్చినది.

ఇంగ్లీషువారి పాలనలో 1808 మొదలు ఆదోని బళ్లారి జిల్లాలోని తాలూకాగా నుండెను. ఎమ్మిగనూరు, మంత్రాలయము ఆ తాలూకాలోనివే. దస్తావేజునకును, దావాకును, కలెక్టరు దర్శనమునకును, కుమారుని చదువునకును ఆదోని వారు బళ్లారికే పోయెడివారు. ఆదోని పత్తికిని బళ్లారి వర్తకులకును ఒకే బజారు. బళ్లారి నాటక రంగమున ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు, కోలాచలము శ్రీనివాసరావుగారు తెలుగు నాటకములను రచించి ప్రదర్శించుచుండిన కాలమున ఆ సభలలోని కన్నడిగులు తెలుగు పద్యమును ఆస్వాదించిరి; తెలుగువారు కన్నడమును ఆస్వాదించిరి. ఆ రంగమునుండియే బళ్లారి రాఘవగారు దేశమంతట కీర్తి గాంచిరి. ఆ జిల్లాలో ఇంటి భాష యొకటి, వీధి భాష యొకటి, కచ్చేరి భాష వేరొకటియై యుండుట సామాన్యము. దానిని ఎవరును కష్టముగా నెంచలేదు.

భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడవలెనను సూత్రము న్యాయమైనది. ప్రజల భాషలో ప్రభుత్వము నడువవలెనను కోరికనుండి అది పుట్టినది. దానికై మన పత్రికలును మన నాయకులును చేసిన కృషికి మేము నేటికిని గర్వించుచున్నాము. కాని రెండు భాషలు పడుగు పేకలవలె కలిసిన బళ్లారి జిల్లాలో ఆ సూత్రమును అమలు జరుపుట సులభము గాలేదు. 1921లోనే ఆంధ్ర, కర్ణాటక కాంగ్రెసు సంఘముల నడుమ ఈ జిల్లాను గూర్చి వివాదము పుట్టి, ఎన్. సి. కేల్కరుగారు మధ్యవర్తిగా తీర్పు చెప్పవలసి వచ్చినది. పొట్టి శ్రీరాములుగారు 1952 డిశంబరు 15న ఆత్మార్పణము గావించిన పిదప ఆంధ్ర రాష్ట్ర నిర్మాణము తప్పనిదైనపుడు జస్టిస్ వాంఛూగారి విచారణ జరిగెను. 1953 మార్చి 25న జవహర్లాల్ నెహ్రూగారు పార్లమెంటులో నిర్ణయమును ప్రకటించిరి. జిల్లాలోని పది తాలూకాలలో ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు వచ్చినవి. బళ్లారి తాలూకాను గూర్చి మాత్రము జస్టిస్ మిశ్రాగారు ప్రత్యేక విచారణ జరిపి, అది మైసూరునకు పోవలెనని సిఫార్సు చేసిరి. తక్కిన తాలూకాలును మైసూరునకే పోయినవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోను, రాయదుర్గము అనంతపురము జిల్లాలోను చేరినవి.

ఆనాడు మనవారు బళ్లారిని పోగొట్టుకొంటిమని దుఃఖించిరి. కన్నడ సోదరులు ఆదోనిని పోగొట్టుకొంటిమని దుఃఖించిరి. 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘమువారు తుంగభద్రా నిర్మాణమును దృష్టియందుంచుకొని బళ్లారి, హొసపేట, సిరుగుప్ప తాలూకాలను, మల్లాపురము ఉపతాలూకాలో కొంత భాగమును ఆంధ్రమున చేర్చవలెనని సూచించిరి గాని, కేంద్ర ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆ వివాదము అంతటితో ముగిసినది. ఏ పట్టణము ఎవరికి పోయినదను లెక్కలో ఇరువురును మునిగి యుండగా, పట్టణమును పోగొట్టుకొనిన తాలూకా సంగతి ఎవరికిని తోచలేదు. ఆదోని ఆంధ్రమునకు లాభమను పద్దున వ్రాయబడినది. ఆదోనికి కలిగిన నష్టము ఏ పద్దునను వ్రాయబడలేదు.

ఇచ్చట మేము పాఠకుల దృష్టిని కొంతసేపు ఐరోపా ఉత్తరభాగమునకు మరల్చెదము. అచ్చట ఫిన్లండు దేశపు తూర్పు సరిహద్దున కరేలియా యను సీమ కలదు. ఆ సీమకు విపురి ముఖ్యపట్టణము. ఆ దేశమున పట్టణములకు వేరుగా, చుట్టునున్న పల్లెలు కలిసి తమ బడులను, బాటలను, పేదల పోషణను తామే చూచుకొనుటకు గ్రామీణ పంచాయతులుగా నేర్పడి యుండెను. విపురి చుట్టునున్న పల్లెలకును అట్టి గ్రామీణ పంచాయతి యుండెను. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లండుపై దాడి చేసినవి. 1940 మార్చి 12న మాస్కోలో జరిగిన సంధి వలన విపురియు, దాని చుట్టునున్న పల్లెలును, లడోగా సరస్సు తీరపు సీమలును ఫిన్లండు చేజారినవి. 1941లో ఫిన్లండు వానిని తిరిగి పట్టుకొనగా ప్రజలలో పెక్కుమంది మరలివచ్చి కాలిన యిండ్లను కట్టుకొనిరి. 1944లో మరల విడిచి పోవలసి వచ్చెను. 1947 పారిస్ సంధి ఆ గీతను స్థిరపరచినది. విడిచి వచ్చిన వారు నాలుగు లక్షలకు పైబడినవారు. అనగా ఆ చిన్న దేశపు ప్రజలలో దాదాపు ఎనిమిదవ వంతు. ఆ పల్లెల పంచాయతులు భూమిలేని పేర్లుగా మిగిలి, పిమ్మట రద్దయినవి.

మేము ఈ కథను దుఃఖమునకై చెప్పుట లేదు. ఆ దేశము తరువాత చేసిన పని మాకు ముఖ్యము. పోయిన సీమను గూర్చి విలపించుచు కూర్చుండక, ఆ సీమవారి నష్టమును దేశమంతటి ఋణముగా నెంచి, ఫిన్లండువారు దానిని పంచుకొనిరి. ఆస్తిపరులపై ప్రత్యేకమైన పన్ను విధించి నష్టపరిహారము నిచ్చిరి. 1945లో చట్టము చేసి ప్రభుత్వ భూములనుండియు, చర్చి భూములనుండియు, పెద్ద భూస్వాముల క్షేత్రములనుండియు భూమిని తీసి, వచ్చిన రైతులకు పంచిరి. తూర్పున పొలము పోయిన వానికి పడమట పొలము దొరికినది. ఆ చట్టములో లోపములు లేకపోలేదు. స్వీడిషు భాషీయుల గ్రామములలో భాషా సంఖ్యలు మారకుండవలెనను నియమము వలన భారము అందరిపైనను సమముగా పడలేదను విమర్శ కలదు. అయినను గీత జరిగినపుడు గీత యంచువానికి దేశము అప్పుపడి యుండుననెడి ధర్మమును ఆ పేద దేశము యుద్ధపు బూడిదలో నిలుచుండి అంగీకరించెను. మనము తుపాకి గుండు పేలకుండ, సభలలో కూర్చుండి, కాగితముపై గీత గీసికొంటిమి. మనకు ఆ ధర్మము మరింత సులభముగా స్ఫురింపవలసి యుండెను.

ఫిన్లండు రైతు భూమిని పోగొట్టుకొనెను. ఆదోని రైతు భూమి అతని దగ్గరనే యున్నది. అతడు పోగొట్టుకొన్నవి వేరు. అవి మూడు: దగ్గరి కచ్చేరి, కాలువ తల, ఇరుభాషల బడి. ఒక్కొక్కదానిని విచారింతము.

మొదటిది కచ్చేరి. ఆదోనినుండి బళ్లారి సమీపము, కర్నూలు దూరము. ఆలూరునకు ఆ తారతమ్యము ఇంకను అధికము. 1953 తరువాత జిల్లా న్యాయస్థానమునకును, పెద్ద వైద్యశాలకును, కలెక్టరు కచ్చేరికిని ఆదోని సీమవారు దూరపు దారి పట్టవలసి వచ్చెను. రాజధానియు మద్రాసునుండి కర్నూలునకును, 1956లో హైదరాబాదునకును, ఆంధ్రప్రదేశ్ విభజన జరిగిన 2014 తరువాత అమరావతికిని మారినది. ప్రతి మారును ఎవరికో కొందరికి రాజధాని దగ్గరయ్యెను. కర్నూలు రాజధానియైన మూడేండ్లు తప్ప ఆదోనికి ఎన్నడును దగ్గర కాలేదు. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు నంద్యాల ప్రత్యేక జిల్లా యయ్యెను. ఆదోని కర్నూలు జిల్లాలోని రెవిన్యూ డివిజనుగా నుండెను. తమకును జిల్లా కావలెనని ఆదోని ప్రజలు అడుగుట గొంతెమ్మ కోరికయని కొందరు అనుచున్నారు. ఒక తాలూకాను దాని జిల్లా పట్టణమునుండి వేరు చేసినవారు ఆ పట్టణమునకు బదులు ఏమి యిచ్చిరని మేము వారిని ప్రశ్నించుచున్నాము.

రెండవది నీరు. తుంగభద్రపై ఆనకట్ట కట్టవలెనను ఆలోచన సర్ ఆర్థరు కాటను కాలమునాటిది. 1876-78 నాటి ధాత కరువు ఈ జిల్లాను శ్మశానముగా మార్చిన పిదపను ఆ ఆలోచన దశాబ్దముల తరబడి కాగితములపైననే యుండెను. చివరకు 1945 ఫిబ్రవరి 28న ఒక గట్టున మద్రాసు ప్రభుత్వమువారును, ఎదుటి గట్టున హైదరాబాదువారును శంకుస్థాపన చేసిరి. మద్రాసువారి ఉద్దేశము కరువు సీమయైన రాయలసీమను కాపాడుట. నాడు ఆనకట్టయు, కాలువ దారియు, ఆదోని చేలును ఒకే జిల్లాలో నుండెను. 1953లో కాలువకు నీరు వచ్చినది. ఆ సంవత్సరమే ఎల్లయు వచ్చినది. ఆంధ్ర రాష్ట్ర చట్టములోనే ఏర్పాటు చేసి తుంగభద్రా బోర్డును నెలకొల్పిరి. ఎల్లను గీసినవారు దూరదృష్టితో చేసిన మంచి పని ఇది యొక్కటి యని మేము నిస్సంకోచముగా చెప్పగలము.

అయినను దిగువ కాలువ సంగతి చూడుడు. బోర్డు యాజమాన్యమున సుమారు 250 కిలోమీటర్లు నడచిన పిదప గాని అది ఆంధ్ర ప్రభుత్వము చేతికి రాదు. ఆంధ్రమునకు ఈ కాలువపై 24 టి. ఎం. సి.ల నీటిని కేటాయించిరి. కర్నూలు జిల్లాలో దీని ఆయకట్టు సుమారు 1.51 లక్షల ఎకరములు. కాగితముపై ఉన్న ఎకరములన్నిటికిని నీరు పారిన సంవత్సరములు అరుదు. ఎగువ అనధికారముగా తూములు, మోటార్లు పెట్టి నీటిని లాగుచున్నారని మన రైతులు దశాబ్దములుగా మొరపెట్టుచున్నారు. ఆ మొర న్యాయమైనదే. కాని మనము నిష్పాక్షికముగా ఒక సంగతి ఒప్పుకొనవలయును. మన సరిహద్దు దాటిన పిదపను కాలువ తల దగ్గరి రైతు కాలువ చివరి రైతునకు నీరు విడుచుట లేదు. ఎగువవాడు కన్నడిగుడైనపుడు అన్యాయమైనది ఎగువవాడు తెలుగువాడైనపుడు న్యాయమగునా?

పైగా తొట్టియే చిన్నదగుచున్నది. మొదట సుమారు 133 టి. ఎం. సి.లు పట్టిన జలాశయము పూడికవలన సుమారు 105 టి. ఎం. సి.లకు తగ్గినది. 33 తలుపులును వృద్ధములైనవి. 2024 ప్రమాదానంతరము నిపుణుల సలహాపై 2025 వానకాలమున నిల్వను 80 టి. ఎం. సి.లకు పరిమితము చేయవలసి వచ్చినది. తగ్గిన ప్రతి టి. ఎం. సి.యు మొదట కాలువ చివరివాని పొలముననే తగ్గును. నీరు రాని యేడు కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు పల్లెలలో ఇండ్లకు తాళములు పడును. ఆలుబిడ్డలతో సుగ్గికి పోయి గుంటూరు సీమ మిరపచేలలోను, పత్తిచేలలోను కూలి చేసికొనవలసినదే. పిల్లవాని బడి మధ్యలో ఆగిపోవును. ఆ మండలములు అక్షరాస్యతలో రాష్ట్రమున మిక్కిలి వెనుకబడి యుండుట చూచి ఆశ్చర్యపడువారు ఈ రెండు సంగతులను కలిపి చూడరు.

మూడవది భాష. గీతకు ఈవల కన్నడము మాతృభాషగా గల కుటుంబములు ఆదోని, ఆలూరు ప్రాంతములలో వేలకొలది కలవు. వారికై కన్నడ బడులు ఉన్నవి గాని, ఉపాధ్యాయులకును పుస్తకములకును కొరత యను మాట తరచుగా వినుచున్నాము. గీతకు ఆవల బళ్లారి, సిరుగుప్ప పల్లెలలో తెలుగు కుటుంబముల సంగతియు ఇట్లే యున్నది. ఇంట తెలుగు మాటాడు బాలుడు తెలుగు అక్షరము నెరుగడు. ప్రాథమిక విద్య మాతృభాషలో గరపుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణమును చేర్చిరి. బళ్లారిలోని తెలుగు బాలుని కొరకు మనము వాదింపదలచినచో, ఆదోనిలోని కన్నడ బాలుని బడిలో నేడే ఉపాధ్యాయుని నియమింపవలయును. ఆ పని చేయనివాని వాదము ఎవరును వినరు.

ఇంతమాత్రముచే ఆదోని సీమ కేవలము నష్టజాతకమని మేము చెప్పుట లేదు. ఎల్లలకు లొంగని వ్యవస్థలు ఇచ్చటనే కలవు. ఆదోని పత్తి మార్కెట్టునకు బళ్లారి, రాయచూరు పల్లెల బండ్లు నేటికిని వచ్చుచున్నవి; తూకమునకును ధరకును భాష అడ్డము రాలేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము బళ్లారి జిల్లాలో పుట్టి కర్నూలు జిల్లాలో పెరిగి దేశమునకు ఆదర్శమైనది. 1954లో ప్రభుత్వమువారు ఆయనను పద్మశ్రీతో గౌరవించిరి. మంత్రాలయము సంగతి చెప్పనక్కరలేదు. ఆదోని నవాబగు సిద్ది మసూదుఖాను మంచాల గ్రామమును రాఘవేంద్రస్వామి కిచ్చెనని ప్రసిద్ధి. మహమ్మదీయ ప్రభువు ఇచ్చిన తెలుగు సీమ గ్రామమునకు కన్నడ దేశపు భక్తులు లక్షలకొలది వచ్చుచున్నారు. అచ్చటి వీధులలో ఎవరు ఏ రాష్ట్రమువారో విచారించువారు లేరు.

కావున మా సూచనలు స్వల్పములు, నెరవేర్ప సాధ్యమైనవి. బళ్లారిని తిరిగి అడుగుటయు, ఆదోనిని తిరిగి యిచ్చుటయు నేడు ఎవరికిని మేలు చేయవు. గీత యున్నచోటనే యుండుగాక. దిగువ కాలువ సరిహద్దున ప్రవేశించు నీటి కొలతను ఉభయ రాష్ట్రముల రైతులకు తెలియునట్లు ప్రతిదినము ప్రకటింపవలయును. దాచబడిన కొలతయే అనుమానమునకు మూలము. తలుపుల మరమ్మతు, పూడిక సమస్య, తగ్గిన నీటి పంపకము గూర్చి నిర్ణయించు బోర్డు కాలువ చివరి రైతుల మాటను నియమముగా వినవలయును. మన సరిహద్దులోపల పారుదల వంతులను చివరి మడినుండి మొదలిడవలయును. ఇందులకు పొరుగు రాష్ట్రముతో సంప్రదింపు అక్కరలేదు, కాలువ తల దగ్గరి మన ఆసాములు మనసు పెట్టిన చాలును. ఇరువైపుల అల్పసంఖ్యాక భాషా పాఠశాలలకు ఉపాధ్యాయులను, పుస్తకములను ఇచ్చిపుచ్చుకొను ఒడంబడికను రెండు ప్రభుత్వములును చేసికొనవలయును. బళ్లారిలో దొరకు న్యాయము, వైద్యము, ఉన్నత విద్య ఆదోనిలోనే దొరకునట్లు చేయుట ఈ రాష్ట్రపు పాతబాకీ. దానికి జిల్లా యను పేరు పెట్టినను, వేరు పేరు పెట్టినను మాకు పట్టింపు లేదు, బాకీ తీరవలయును.

మన పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. ఫిన్లండు ఆసాములు ఎన్నడును చూడని కరేలియా రైతులకై తమ పొలములో భాగమును కోసి యిచ్చిరి. మా రాయలసీమ ఆసాములను మేము పొలము అడుగుట లేదు. తమ వంతు ముగియగానే తూము మూయుమని మాత్రమే అడుగుచున్నాము. దేశమును ప్రేమించుట పటములోని రంగును ప్రేమించుటతో తీరిపోదు. 1953లో ఆదోని మనదని మనము గట్టిగా చెప్పితిమి. ఆ మాటను కాలువ చివరి మడియందు నీరై పారినపుడు గాని ఆదోని నమ్మనక్కరలేదు.